స్టాలిన్ చావు సినిమా చూసి నవ్వొచ్చా?

సోవియట్ నియంత స్టాలిన్ చావు మీద తీసిన హాస్య సినిమా ‘ది డెత్ ఆఫ్ స్టాలిన్’ చూసి నవ్వుకోవడం సబబేనా, అందులో మెచ్చుకోవాల్సింది ఏముంది అని అడిగారు. నవ్వొచ్చనే అంటాను. మా ఇంట్లో మాత్రం దాని మీద పెద్ద వాదనే జరిగింది.

మాది బరంపురం. మావయ్య పాతకాలపు కమ్యూనిస్టు అభిమాని. మాస్కోలో అచ్చయిన రాదుగ వాళ్ల తెలుగు పుస్తకాలు ఇప్పటికీ ఆయన బీరువాలో ఉన్నాయి. అలాంటి మనిషి పక్కన కూర్చుని ఈ 2017 సినిమా చూడడం కాస్త సాహసమే.

స్టాలిన్ గదిలో దబ్బున పడతాడు. బయట కాపలావాళ్లకు ఆ చప్పుడు వినిపిస్తుంది, కానీ లోపలికి వెళ్లరు. పిలవకుండా వెళ్తే ప్రాణం పోతుందని భయం. తెల్లారేదాకా ఆయన తన ఉచ్చలోనే పడి ఉంటాడు. సరే, డాక్టర్ని పిలుద్దామంటే మంచి డాక్టర్లను ఆయనే జైల్లో వేయించి ఉన్నాడు! నేను పగలబడి నవ్వాను. “చావు మీద నవ్వులాటేటిరా?” అని మావయ్య సినిమా ఆపించారు. నాకు నవ్వొచ్చింది ఆ భయానికి. దాన్ని పెంచి పోషించినవాడే దానికి బలయ్యాడు. పైగా కాపలావాళ్ల భయం, డాక్టర్ల అరెస్టులు కల్పన కావు, చరిత్రలో ఉన్నవే.

నాకు బాగా నచ్చింది ఒక చిన్న సీను. స్టాలిన్‌తో విందు ముగించుకుని తూలుతూ ఇంటికొచ్చిన పార్టీ నాయకుడు క్రుశ్చేవ్, ఏ జోకుకు ఆయన నవ్వాడో, దేనికి నవ్వలేదో భార్యతో రాయిస్తాడు. ఎమ్మెల్యేల వెనకాల తిరిగే మన జనాన్ని చూడండి. కాగితం ఉండదు గానీ లెక్క ఇదే.

బుర్రకథలో ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకొకడు రాజకీయం చెబుతాడు. ఇక్కడ ఆ రెండు పనులూ ఒక్కడే చేస్తున్నట్టుంటుంది. స్టాలిన్ పాత సహచరుడు మాలొటోవ్ సంగతే తీసుకోండి. పెళ్లాన్ని జైల్లో పెట్టినా పార్టీదే ఒప్పంటాడు. రహస్య పోలీసుల పెద్ద బేరియా ఆమెను విడిపించి ఇంటికి తెచ్చేసరికి కూడా ద్రోహి అని తిడుతూనే ఉంటాడు. అక్కడ మావయ్య కూడా నవ్వేశారు. “ఇలాంటోళ్లని నేనూ చూసేన్లే” అన్నారు.

అలాగని చరిత్ర పాఠంలా చూడకండి. బేరియాను 1953 జూన్‌లో అరెస్టు చేసి డిసెంబరులో చంపారు. సినిమాలో అదంతా అంత్యక్రియల హడావుడిలోనే తేలిపోతుంది. బూతులు బోలెడు, పిల్లలతో చూడలేరు. నాయకుడి నడకనో యాసనో వెక్కిరించి సరిపెట్టే సినిమాలంటే నాకు పది నిమిషాల్లో విసుగొస్తుంది. ఇది ఆ రకం కాదు. అందుకేనేమో, 2018 జనవరిలో రష్యాలో విడుదలకు ముందే అనుమతి వెనక్కి తీసుకున్నారు.

మావయ్యతో వాదన ఇంకా తెగలేదు. పార్టీని నిజంగా నమ్మి పనిచేసిన మామూలు కార్యకర్త ఒక్కడికీ ఇందులో చోటివ్వలేదని ఆయన అభ్యంతరం. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు.