నెత్తి మీద మచ్చ గురించి అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

మొన్న గిద్దలూరు పెళ్లికి నువ్వు రాలేదని చెబుతూ అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా తలకు తువ్వాలు తీయడం లేదటగా. మిలిటరీలో చేసొచ్చినోడికి జుట్టు కోసం ఇంత దిగులేంటని ఎవరన్నా అంటే వినకు. అద్దంలో మన మొహమే మనకు కొత్తగా కనబడితే ఎవరికైనా బాధే. రిటైరై వచ్చినప్పటి నుంచీ నేను ప్యాచ్, అదే నెత్తికి అంటించుకునే జుట్టు తొడుగు, పెట్టుకుంటున్న సంగతి నీకు తెలుసు. నాకు అందులో సిగ్గేమీ కనబళ్లేదు.

అయితే నాది బట్టతల, నీది కాలిన మచ్చ. చలికి వెలిగించుకునే బుఖారీ పొయ్యి అంటుకున్నప్పుడు నీకు జుట్టు కుదుళ్లే మాడిపోయాయి. పేనుకొరుకుడైతే మందుకు తగ్గొచ్చు, కీమోకు ఊడిన జుట్టు చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. కుదురు లేనిచోట మాత్రం ఏ నూనె రాసినా, జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మందు కొట్టినా మొలవదు. మొలిపిస్తామని డబ్బడిగితే లేచి వచ్చెయ్.

సెలూన్ కంటే ముందు ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించు. వెనక తల నుంచి కుదుళ్లు తీసి మచ్చలో నాటొచ్చు గానీ, మచ్చ మెత్తబడేదాకా ఆగాలి. రక్తప్రసారం తక్కువ కాబట్టి మామూలు చర్మంలో పట్టినన్ని అక్కడ పట్టవు. అందుకే కొందరు డాక్టర్లు ముందు కాస్త చోట నాటి చూస్తారు. ఇంకో పద్ధతిలో, మచ్చ పక్కనున్న మంచి చర్మం కింద బెలూన్ పెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా సెలైన్ ఎక్కించి చర్మాన్ని సాగదీస్తారు. తర్వాత మచ్చ కోసేసి, జుట్టున్న ఆ చర్మాన్నే దాని మీదికి లాగి కుడతారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో రెఫరల్ అడిగేటప్పుడు ఖర్చు ఎంతవరకు వాళ్లు ఇస్తారో కాగితం మీద తెలుసుకో.

కత్తి వద్దనుకుంటే ప్యాచే. అది ఒక్కసారి కొని వదిలేసే వస్తువు కాదు. మూడు నాలుగు వారాలకోసారి విప్పి, నెత్తి కడిగి, పాత జిగురు తుడిచి మళ్లీ అంటించాలి. కాబట్టి సర్వీసింగ్‌కు నెలనెలా ఎంతవుతుందో మొదటిరోజే అడుగు. మన ఒంగోలు ఎండకు చెమటపట్టి జిగురు జారుతుంది, జుట్టు కుట్టే అడుగు గుడ్డ గాలాడే వలలా ఉండే లేస్ బేస్ తీసుకో. ప్లాస్టిక్ పొరలాంటి పలచటి పాలీ బేస్ కింద నెత్తి ఉడికిపోతుంది. మీ వైపు బోరు ఉప్పునీళ్లతో కడిగితే ఆ జుట్టు పీచుపీచవుతుంది, తలకు మాత్రం మంచినీళ్లు వాడు. అన్నిటికంటే ముఖ్యం, మచ్చ మీద జిగురు పడనివ్వకు. ఆ చర్మం పలచన, లాగితే ఊడొస్తుంది. చుట్టూ ఉన్న మంచి చర్మం మీదే టేపు వెయ్యమను, అదికూడా ముందు చెవి వెనక చిన్న ముక్క అంటించి దురద రాలేదని చూసుకున్నాకే.

ప్యాచ్‌కు నిజమైన మనిషి జుట్టే అడుగు. తిరుమల తలనీలాలు టీటీడీ వేలం వేస్తుంది, అలాంటి జుట్టుతోనే మంచి ప్యాచ్‌లు కడతారు. నీ కణతల దగ్గర నెరిసినంత తెలుపు అందులోనూ కలపమను, నల్లగా నిగనిగలాడితే ఇట్టే తెలిసిపోతుంది. నీకు ఫౌజీ కటింగే ఇష్టమని ముందే చెప్పు. పొట్టిజుట్టులో అతుకు దాచడం కష్టం, ఆ పనితనం ఉన్నవాడి దగ్గరే చేయించాలి.

గాయానికి ముందు తీసిన, నుదురు బాగా కనబడే ఫోటో ఒకటి వెతికిపెట్టు. జుట్టు గీత దాన్ని చూసే గీయాలి. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి, ఒంగోలు బస్టాండుకు నేనే వస్తా, ఇద్దరం కలిసి వెళదాం.

మీ మామ