మిగిలిన చుక్కల మందు కుక్క కంట్లో వేయొచ్చా?

ప్రశ్న: మాది నాలుగేళ్ల షిట్జూ. సాయంత్రాలు ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తాం. దాని రెండు కళ్ల కింద వెంట్రుకలు ఎప్పుడూ గోధుమరంగే. మూడు రోజులుగా మాత్రం కుడికంటికి పచ్చటి పుసి కడుతోంది, పొద్దున్నే రెప్పలు అంటుకుపోతున్నాయి. మావారి కళ్లకలకకు వాడిన చుక్కల మందు సగం మిగిలింది. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుందేమో చూడండి, అవి స్టెరాయిడ్లు. షిట్జూ కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇసుక రేణువో, ముఖం మీది వెంట్రుకో గీసుకుంటే కార్నియాకి (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకి) పుండు పడుతుంది. పుండున్న కంట్లో స్టెరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గి నయమైనట్టే కనిపిస్తుంది. లోపల పుండు లోతుకి తినేసి, గుడ్డుకి చిల్లు పడొచ్చు.

గోధుమ మరకలకు భయం లేదు. కన్నీళ్లలోని పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం వెంట్రుకలకు పట్టి ఆ రంగు వస్తుంది. కాకపోతే మన ఊరి ఉక్కలో తడి ఆరదు, చర్మం ఒరుస్తుంది. రోజూ పొడిగా తుడవండి.

శుభ్రం చేయడానికి మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్ చాలు. దూది పోగులు కంట్లో చిక్కుకుంటాయి, గాజుగుడ్డ మేలు. తడిపి, ఎండిన పుసి మీద నిమిషం ఆనించి ఉంచండి. నానాక దానంతటదే వస్తుంది, గోటితో గిల్లొద్దు. ముక్కు వైపు మూల నుంచి బయటికి తుడవాలి. రెండో కంటికి కొత్త ముక్క. బోరిక్ పొడి, అందాజుగా కలిపిన ఉప్పునీళ్లు వద్దే వద్దు.

ఒక్క కంటికే పుసి అంటే ముందు పుండునే అనుమానించాలి. డాక్టరు ఫ్లోరెసిన్ రంగు వేస్తే పుండు ఆకుపచ్చగా బయటపడుతుంది. పుసి జిగురుగా సాగుతుంటే కన్నీళ్లు తగ్గాయేమో కొలవాలి: కింది రెప్పలో పెట్టిన కాగితపు పట్టీ నిమిషంలో 15 మిల్లీమీటర్లైనా తడవాలి, 10 దాటకపోతే కన్ను ఎండుతున్నట్టే. కన్ను చికిలిస్తున్నా, నల్లగుడ్డు మీద నీలిపొర కమ్మినా ఆ రోజే చూపించండి. ఈలోగా గోకకుండా మెడకి గరాటు కాలర్ కట్టండి.

ప్రశ్న: రెండు నెలల పిల్లిపిల్ల తుమ్ముతోంది, రెండు కళ్లూ మూసుకుపోయాయి. దీనికీ సెలైనేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తుడవడానికి సెలైనే, కానీ అంతటితో తగ్గదు. తుమ్ములతో కలిసి వచ్చిందంటే చాలావరకు పిల్లుల హెర్పిస్ వైరస్సే. అతుక్కున్న రెప్పల వెనక చీము నిలిస్తే గుడ్డు పాడవుతుంది. నానబెట్టి తెరిచి ఇవాళే డాక్టరుకి చూపించండి. ముక్కు మూసుకుపోతే వాసన తెలియక తిండి మానేస్తుంది, తిండి కాస్త వెచ్చబెట్టి పెట్టండి. ఇంట్లో వేరే పిల్లులుంటే గిన్నెలు వేరు చేయండి, దీన్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.