నిమ్మతోటలో పసిరిక పాము: విషమా, చంపాలా?

పొదలకూరు దగ్గర కౌలుకు తీసుకున్న నిమ్మతోటలో సన్నటి పచ్చ పాము కనిపిస్తోందని, కళ్లు పొడుస్తుందన్న భయంతో కూలీలు కోతకు రావడం లేదని, మందు కొట్టి చంపమంటున్నారని రాశారు.

చంపొద్దండీ. మీరు చెప్పిన గుర్తులన్నీ పసిరిక పామువే. మాదీ రాపూరు వైపు నిమ్మతోటే, చిన్నప్పటి నుంచి దాన్ని చూస్తున్నాను. విషం ఉన్న మాట నిజం. అయితే అది తొండల్ని, కప్పల్ని పడగొట్టే విషం, మనిషి ప్రాణం తీసేది కాదు. విషపు కోరలు కూడా నోటి వెనక భాగంలో ఉంటాయి. మా తోటలో కాయలు కోసే అక్కకు ఒకసారి వేలి మీద కరిచింది. వేలు ఉబ్బింది, రాత్రంతా సలిపింది. ఆసుపత్రిలో కాసేపు ఉంచుకుని చూసి పంపించారు. వారం తిరక్కుండానే మళ్లీ పనిలోకి వచ్చింది.

ఇక కళ్లు పొడవడం. ఈ పాము పగలు తిరుగుతుంది, ఎక్కువగా మన తల ఎత్తులో ఉండే కొమ్మల్లోనే ఉంటుంది. మనం చూసుకోకుండా ముఖం లోపలికి పెడితే, బెదిరి ముఖం వైపే విసురుతుంది. మాట పుట్టింది అక్కడే అనుకుంటా. కంటినే వెతుక్కుని పొడిచే పాము లేదు.

దట్టమైన పొదలు, కంచెలు, తోటలు దాని చోట్లు. నిమ్మచెట్టు ముళ్ల మధ్య డేగల నుంచి కాస్త రక్షణ, తినడానికి తొండలు, కాబట్టి మన తోటలు దానికి బాగా నచ్చుతాయి. ఒళ్లు సగం దాకా గాల్లోకి చాచి, నాలుక బయటపెట్టి కదలకుండా ఉంటుంది. గాలి వీస్తే కొమ్మతో పాటు ఊగుతుంది, అందుకే పక్కనే ఉన్నా కనపడదు. తొండను పట్టడం నేను దగ్గర నుంచి చూశాను. మెడ దగ్గర కరిచి, కొమ్మ మీద నుంచి లేపి గాల్లో వేలాడదీసింది. తొండ కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు, ఆ తర్వాతే తల వైపు నుంచి మింగింది. దాని కంటిపాప అడ్డంగా, సన్నటి గీతలా ఉంటుంది. రెండు కళ్లూ ముందుకు చూస్తాయి కాబట్టి దూరం కచ్చితంగా అంచనా వేస్తుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. పాత పుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం అహేటుల్లా నసూటా అని ఉంటుంది. 2020 నుంచి మన మైదానాల్లోని పామును అహేటుల్లా ఆక్సీరింకా అంటున్నారు.

ఒక్క జాగ్రత్త. తూర్పు కనుమల అడవుల్లో, వెదురు పొదల్లో, వాగుల పక్కన పచ్చటి పిట్ వైపర్ అనే విషపాము ఉంటుంది. దాని తల వెడల్పుగా, మూడు మూలలుగా ఉంటుంది, ఒళ్లు లావు, కంటిపాప నిలువు. పసిరికకు ముక్కు సూదిగా ఉంటుంది, ఒళ్లు తాడు కన్నా సన్నం. పిట్ వైపర్ కాటును తేలిగ్గా తీసుకోకూడదు. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషంతో తయారైంది, దీనికోసం కాదు. అందుకే ఏ పామో తేల్చుకోలేకపోతే కాటు పడిన చెయ్యి కదల్చకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. గాటు పెట్టడం, తాడు కట్టడం వద్దు.

నిజంగా టెన్షన్ పడాల్సింది కొమ్మల గురించి కాదు, పాదుల గురించి. ఎండుటాకుల్లో రక్తపింజర పడుకుంటే అస్సలు కనపడదు. రాలిన కాయలు ఏరేటప్పుడు చెయ్యి పెట్టేది అక్కడే. పాదుల్లో గడ్డి తీయించండి, ఏరేవాళ్లకు బూట్లు, చేతికి ఒక కర్ర ఇవ్వండి. కోత మొదలుపెట్టే ముందు ప్రతి చెట్టునూ దోటితో రెండుసార్లు తట్టమనండి, పసిరిక దానంతట అదే పక్క చెట్టుకు పోతుంది. మందు మాత్రం కొట్టకండి, పూత మీద ఉంటే తేనెటీగలు పోతాయి.