పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో శిక్ష ఎన్నేళ్లో దేన్నిబట్టి తేలుతుంది?

"పేపర్లో ఒకడికి ఇరవై ఏళ్లు వేశారని చదివాను, మా వీధి పాప కేసులో ఐదేళ్లతో సరిపెట్టారు, అంతా జడ్జి గారి ఇష్టమేనా?" అని ఒకరు అడిగారు. కాదండీ. శిశు సంక్షేమ కమిటీ నియమిస్తే గుంటూరులో ఇలాంటి పిల్లల వెంట సపోర్ట్ పర్సన్‌గా కోర్టుకు వెళ్తుంటాను. నేను చూసినంతలో, ఏ సెక్షన్ రుజువైందన్న దగ్గరే శిక్ష చాలావరకు తేలిపోతుంది.

లైంగిక ఉద్దేశంతో బిడ్డను తాకితే సెక్షన్ 8, 3 నుంచి 5 ఏళ్లు. ఆ బిడ్డకు 12 ఏళ్లు నిండకపోయినా, చేసినవాడు బంధువో స్కూలు సిబ్బందో అయినా సెక్షన్ 10, 5 నుంచి 7 ఏళ్లు. అత్యాచారమైతే కనీసం 10 ఏళ్లు, బిడ్డకు 16 లోపైతే కనీసం 20. సెక్షన్ 6 కిందికొచ్చే మరీ ఘోరమైనవాటికి 20 ఏళ్ల నుంచి బతికున్నంతకాలం జైలు, ఉరి కూడా ఉంది. చట్టం 'కనీసం' అన్నాక జడ్జి గారు అంతకంటే తగ్గించలేరు. అత్యాచారానికి ఇంత పెంచింది 2019 ఆగస్టు 16 నుంచి. అంతకుముందు జరిగిన నేరాలకు పాత శిక్షలే.

అందుకే వయసు కాగితం దగ్గర చాలా జాగ్రత్త పడాలి. ఒక కేసులో డిఫెన్స్ లాయరు జరిగినదాని గురించి అడిగింది తక్కువ, పాప పుట్టినరోజు గురించి అడిగిందే ఎక్కువ. వాళ్లమ్మ దగ్గర ఆధార్ ఒక్కటే ఉంది. చట్టం చూసే వరుసలో అది లేదు. ముందు స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, ఏవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. చివరికి హెడ్మాస్టర్ గారు అడ్మిషన్ రిజిస్టర్ పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పాక గానీ ఆ టెన్షన్ తీరలేదు.

దోషి అని తేల్చాక శిక్ష గురించి విడిగా వింటారు. ముసలి తల్లిదండ్రులున్నారనీ, చిన్నపిల్లలున్నారనీ, ఇదే మొదటి తప్పనీ వాడు చెప్పుకుంటాడు. అది వింటూ ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని "నా బిడ్డ అప్పుడు గుర్తురాలేదా వాడికి" అంది. నేనేం చెప్పగలను? కానీ ఆ మాటలు పనిచేసేది కనీసానికీ గరిష్ఠానికీ మధ్యనే. నమ్మినవాడే చేశాడా, ఎన్నిసార్లు చేశాడు, బిడ్డ ఎంత దెబ్బతింది అన్నవి పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, గట్టిగా వినిపించాలి. ముందే వెళ్లి ఆయనకు అన్నీ చెప్పండి.

ఉరి సంగతి వేరు. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వెయ్యాలంది. కింది కోర్టు వేసినా హైకోర్టు, అంటే మనకు నేలపాడులో ఉన్నది, ఖరారు చేస్తేనే అమలు.

చాలామంది వదిలేసేది పరిహారం. వాడు కట్టే జరిమానా వేరు, ఇది వేరు. కేసు నడుస్తుండగానే బిడ్డ చదువుకూ వైద్యానికీ మధ్యంతర పరిహారం అడగొచ్చు. కోర్టు ఆర్డరు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. అర్జీ రాయడానికి లాయర్ లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఉచితంగా రాసిపెడతారు.