తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చేస్తే కథలు రాయడం వస్తుందా?

డిగ్రీ అయిపోతోంది, కథలు రాయాలనుంది, ఎం.ఏ.లో చేరితే రాయడం నేర్పిస్తారా అని అడిగారు. సూటిగా నేర్పరు. ఎం.ఏ. తెలుగంటే ప్రధానంగా సాహిత్యాన్ని చదవడం: కావ్యాలు, వ్యాకరణం, భాషాశాస్త్రం, విమర్శ.

క్రియేటివ్ రైటింగ్ క్లాసు పద్ధతి వేరు. మీ కథను తోటివాళ్లు ముందే చదువుకుని వస్తారు. ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో, ఏ సంభాషణ పేపర్ భాషలా ఉందో మొహం మీదే చెబుతారు. అంతసేపూ రాసినవాళ్లు మాట్లాడకుండా వినాలి. (టెన్షన్ అంతా అక్కడే!) ఆ తర్వాత తిరగరాయాలి. అసలు చదువు ఆ తిరగరాయడంలోనే ఉంది.

అలాగని ఎం.ఏ. దండగ కాదు. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, అమ్మాయిలకైతే 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉన్నాయి. లైబ్రరీ, చదివే స్నేహితులు దొరుకుతారు. సర్టిఫికెట్టే కావాలంటే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్య ద్వారా క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా ఉంది, కాకపోతే అది ఇంగ్లీషులో.

నన్నడిగితే, ఎం.ఏ.లో చేరండి. హాస్టల్లో నలుగురిని పోగేసి వారానికొకరి కథ పెట్టుకోండి. కథకుడు మధురాంతకం రాజారాం చిత్తూరు జిల్లాలో బడిపంతులుగా పనిచేస్తూనే అన్నేసి కథలు రాశారు. ఇంకొక్క మాట: మీ పాత్ర సీమ యాసలో "అట్లనా" అంటే దాన్ని కొట్టేసి "అలాగా" అని దిద్దకండి.