పుస్తకం సంగతి తర్వాత, ముందు పంటు ఎక్కించండి

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. నా భార్య రొమ్ము క్యాన్సర్‌తో పోయి ఎనిమిది నెలలైంది. పాపకు పదకొండేళ్ళు, ఆరో తరగతి. మా తమ్ముడు ‘ఐ కిల్ జెయింట్స్’ అనే ఇంగ్లీషు బొమ్మల నవల తెచ్చిచ్చాడు. అప్పట్నుంచి పిల్లకి అదే లోకం. గోదాట్లో రాక్షసుడున్నాడంటుంది. నోటుబుక్కు నిండా వాడే: నడుం దాకా నీళ్ళలో నిలబడి, ఒంటిచేత్తో పంటును, అదే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవను, పట్టుకుని ఉంటాడు. మొన్న స్కూలు బ్యాగులో నా సుత్తి దొరికిందని టీచరు పిలిపించారు. మా అక్క దిష్టంటోంది, తాయెత్తు కట్టించమంటోంది. అత్తగారిది గోదారి అవతలి ఒడ్డున నర్సాపురం. ఇంక చేసేదేం లేదని డాక్టర్లు చెప్పాక నా భార్యను ఇంటికి తెచ్చుకున్నాను. వైద్యం ఆపించి నేనే చంపేశానని పెద్దకర్మ రోజు నలుగురిలో అనేశారు ఆవిడ. ఆ రోజు నుంచి మాటల్లేవు, పాపను కూడా పంపడం లేదు. ఆ పుస్తకం తీసి దాచేస్తే పిల్ల మామూలవుతుందా?

జవాబు: అవదు. దాని జోలికి వెళ్ళకండి. మీరడిగిన దానికి జవాబు అంతే. అడగనిది ఇంకా చాలా ఉంది.

ముందు ఆ పుస్తకంలో ఏముందో తెలుసుకోండి. జో కెల్లీ రాసి, కెన్ నీమురా బొమ్మలు వేసిన నలుపు తెలుపు కథ అది, 2008లో విడి సంచికలుగా మొదలైంది. బార్బరా అనే ఐదో తరగతి పిల్ల, రాక్షసుల్ని చంపే సుత్తిని చిన్న చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతుంది. ఇంట్లో మేడమీద తల్లి చావుబతుకుల్లో ఉంటుంది. పిల్ల ఆ మెట్లెక్కదు. రాక్షసుణ్ణి కొట్టేస్తే అమ్మ దక్కుతుందని ఆశ. చివరికి వాడితో తలపడి గెలుస్తుంది, అయినా తల్లి దక్కదు. కాకపోతే ఆ తర్వాతే మేడెక్కి, ఉన్న నాలుగు రోజులూ అమ్మ పక్కన గడపగలుగుతుంది. మీ పాపకు పిచ్చి పట్టించే కథ కాదది. తన బాధకు సరిపోయే కథ ఆమెకు దొరికింది, మీ తమ్ముడు మంచి పనే చేశాడు.

మీ పాపకు ఆ మెట్లెక్కే అవకాశం వచ్చిందా? చివరి రోజుల్లో ఆమె ఎక్కడుందో మీరు రాయలేదు. మన ఇళ్ళలో జరిగేది తెలిసిందే, పిల్లలు చూడకూడదని పక్కింటికో బంధువులింటికో తోలేస్తాం.

ఆ రాక్షసుడు పంటును ఎందుకు పట్టుకున్నాడో నేను తేల్చి చెప్పను. బొమ్మ చూసి మనసు చదివేస్తామనే వాళ్ళను మీరూ నమ్మకండి. అయితే ఒకటి. ఆ పిల్లకు రేవు దాటడమంటే అమ్మమ్మ ఇల్లు, ఆ దారి ఇప్పుడు మూసింది మీరు. ఒకే ఏడాదిలో అమ్మ పోయింది, అమ్మమ్మనూ తీసేశారు. అమ్మ పదకొండేళ్ళప్పుడు ఎలా ఉండేదో, దేనికి అలిగేదో చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఇంకెవరున్నారు?

అత్తగారన్న మాట తప్పే. డాక్టర్లు చెప్పాక మనిషిని ఇంటికి తెచ్చుకోవడం హత్య కాదు, చాలామంది భర్తలు చేయలేని పని మీరు చేశారు. కన్నకూతురు పోయిన తల్లి నోట వచ్చిందని ఆ మాటను మీరు మింగేయాలని నేననను. ఆ గడప తొక్కకండి, భోజనానికి కూర్చోకండి, మీ అభిమానం మీది. కానీ పిల్లను అమ్మమ్మకు దూరం చేసే హక్కు మీ పౌరుషానికి లేదు.

నలుగురిలో అన్నారని రాశారు. ఆ నలుగురిలో పాప లేదని మీకు ఖాయమా? ‘నాన్న చంపేశాడు’ అన్న మాట విని ఎనిమిది నెలలుగా అదే ఇంట్లో మీ చేతి అన్నం తింటూ ఉంటే? పెద్దవాళ్ళు చెప్పని చోట పిల్లలు కారణం కల్పించుకుంటారు, ఎక్కువసార్లు తప్పు తమ మీదే వేసుకుంటారు.

అందుకని ఈ వారంలోనే మీ నోటితో చెప్పండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణలా వద్దు, గట్టు మీద నడుస్తూనో అరుగు మీద పక్కపక్కన కూర్చునో పది నిమిషాలు చాలు. ‘అమ్మకు రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. మందులు వాడాం, అవి పనిచేయలేదు. ఇంక మందు లేదని డాక్టర్లు చెప్పాక ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ చనిపోయింది. నీవల్ల కాదు, నావల్ల కాదు, అమ్మమ్మ వల్లా కాదు.’ అంటుకునే జబ్బు కాదని కూడా చెప్పండి. ‘నిద్రపోయింది’, ‘దేవుడు తీసుకెళ్ళాడు’, ‘చుక్కయింది’ లాంటివి వద్దు. నిద్రపోయిందంటే చిన్నపిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. పదకొండేళ్ళ పిల్లకు పోయినవాళ్ళు రారని తెలుసు, మీరు దాస్తున్నారనీ తెలిసిపోతుంది. మీకు ఏడుపొస్తే ఏడవండి.

ఇక పుస్తకం. రాత్రి భోజనాలయ్యాక పది పేజీలు కలిసి చూడండి. ఇంగ్లీషు రాకపోతే మరీ మంచిది, పాపే మీకు చెబుతుంది. తల్లి వచ్చే పేజీలు గబగబా తిప్పేస్తే తిప్పనివ్వండి. ‘ఇదంతా అబద్ధం కదమ్మా’ అన్నారో, నోటుబుక్కు మూసేస్తుంది, మళ్ళీ మీ ముందు తెరవదు. అబద్ధమని ఆమెకు తెలియక కాదు. ‘వీడేం తింటాడు? ఎవరికి భయపడతాడు? తర్వాతి గడిలో ఏమవుతుంది?’ ఇలా అడగండి. వచ్చినవాళ్ళందరికీ ఆ బొమ్మలు చూపించి ముచ్చట పడొద్దు.

తన కథ తను గీసుకోవడానికి నాలుగు ఏ4 కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిచి, మడత మీద స్టేపుల్ చేసివ్వండి, పదహారు పేజీల పుస్తకం వస్తుంది. పేజీకి నాలుగు గళ్ళు చాలు. రూళ్ళ నోటుబుక్కులో గీతలు బొమ్మకు అడ్డం. ముగింపు మాత్రం మీరు చెప్పకండి. రాక్షసుడు ఓడాలని లేదు, గళ్ళు ఖాళీగా వదిలేసినా తప్పులేదు.

ఇనుప సుత్తి మాత్రం వెనక్కి తీసుకోండి, తిట్టకుండా. అట్టతో ఒకటి చేసివ్వండి, టీచరుతో విషయం చెప్పి క్లాసులో నవ్వులపాలు కాకుండా చూడమనండి. రాక్షసుణ్ణి వెతుక్కుంటూ ఒంటరిగా రేవుకు వెళ్ళకూడదన్నది మాత్రం గట్టి నియమం, అందులో సడలింపు లేదు. తాయెత్తు కడితే కట్టనివ్వండి, నష్టమేం లేదు. పిల్లకు ఏదో పట్టిందన్న మాట మాత్రం ఆమె చెవిన పడితే మీ అక్కగారిని ఆపాల్సింది మీరే.

‘అమ్మ దగ్గరికి వెళ్ళిపోతా’ అన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒక్క రోజు కూడా ఆగకండి. వారాల తరబడి తిండీ నిద్రా లేకపోయినా, స్నేహితుల్ని పూర్తిగా వదిలేసినా డాక్టరుకు చూపించాల్సిందే. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

అత్తగారికి మీరే ఫోన్ చేయండి, మధ్యవర్తుల్ని పెట్టకండి. మధ్యవర్తి చేతిలో మాట పెరుగుతుంది. ‘ఆదివారం పాపను పంటు దాటించి తీసుకొస్తాను, సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకెళ్తాను. పాప ముందు ఆ మాట ఎత్తొద్దు’ అంతే చెప్పండి. రేవు దగ్గర అప్పగించి తిరుగు పంటు ఎక్కేయండి. ఆవిడ ఫోన్లో మళ్ళీ ఆ మాటే అన్నారనుకోండి, జవాబివ్వకండి. ‘ఎన్నింటికి తీసుకురమ్మంటారు?’ అని మళ్ళీ అడగండి.