కియారి ఆపరేషన్ చేయిస్తే చేతి మొద్దుబారడం పోతుందా?

తమ్ముడూ, మీ అక్కకి దగ్గినా తుమ్మినా తల వెనక పగిలిపోయేంత నొప్పి, ఎడమ చేయి మొద్దుబారడం, ఎమ్మారైలో కియారి మాల్ఫార్మేషన్ (చిన్నమెదడు కొసలు మెడలోకి జారడం), సిరింక్స్ (వెన్నుపాములో నీటి తిత్తి) అని రాశారన్నావు. ఆపరేషన్ చేయిస్తే చేయి మామూలవుతుందా, ఎన్నాళ్లకి పనిలోకి దిగొచ్చు అని అడిగావు. నాకు అదే ఆపరేషన్ అయి నాలుగేళ్లు దాటింది. డాక్టర్ని కాను. తిరుపతిలో మా ఆయనతో కలిసి టిఫిన్ అంగడి నడుపుతా. నాకు జరిగిందీ, డాక్టర్లని అడిగి తెలుసుకున్నదీ చెప్తా.

దగ్గితే వచ్చే తలనొప్పి పోయింది. చేయి మాత్రం పూర్తిగా రాలేదు. అయినా చేయించుకున్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

నాకు జబ్బు బయటపడిందే పెనం దగ్గర. పొద్దున రద్దీలో దోశె తిప్పుతుంటే కమురు వాసన కొట్టింది. మాడిందేమో అని చూస్తే దోశె ఎర్రగా బాగానే ఉంది. ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడిన పెద్దాయన "అమ్మా, చేయి!" అని అరిచాడు. నా ఎడమ చేతి చిటికెన వేలి పక్క కండ పెనం అంచుకి ఆనుకుని కాలుతోంది. నాకు సుర్రుమని కూడా అనలేదు.

అప్పటికి రెండేళ్లుగా ఒకచోట మెడ అరిగిందని, ఇంకోచోట మైగ్రేన్ అని మాత్రలు మింగుతున్నా. కాలిన చేయి చూశాకే ఒక న్యూరాలజిస్టు కళ్లు మూసుకోమని దూది తాకించాడు. తెలిసింది. వేడినీళ్ల గాజు గొట్టం, చన్నీళ్ల గొట్టం మార్చి మార్చి పెట్టాడు. రెండూ ఒకటే అన్నాను. ఆయన వెంటనే ఎమ్మారై రాశాడు.

సంగతేమంటే, చిన్నమెదడు కింది కొసలు పుర్రె అడుగున ఉండే రంధ్రంలోంచి మెడలోకి జారతాయి. మామూలుగా 5 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో జారితే కియారి అంటారు. 1891లో దీన్ని వర్ణించిన హాన్స్ కియారి పేరే పెట్టారు. ఆ కొసల్ని కూడా టాన్సిల్స్ అనే అంటారు. మా అత్త అది విని "గొంతులో టాన్సిల్స్‌కి తల వెనక కోసేదేమిట్రా" అని మా ఆయన మీద కేకలేసింది. దారి ఇరుకై మెదడు నీరు సరిగా కదలక, వెన్నుపాము మధ్యలో నీరు చేరి తిత్తిలా ఉబ్బుతుంది. అదే సిరింక్స్. నొప్పినీ వేడినీ మోసే నరాల పోగులు ఆ మధ్యలోంచే అవతలి పక్కకి దాటుతాయి, అందుకే ముందు దెబ్బ వాటికే. మామూలు స్పర్శ వెనకవైపు దారిన పోతుంది. అందుకే నాకు దూది తెలిసింది, పెనం తెలియలేదు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడి, ఏ బాధా లేకపోతే కనిపెట్టుకుని ఉంటారు. సిరింక్స్ ఉండి, చేయి మొద్దుబారుతుంటే మాత్రం నాన్చకండి. మింగడం కష్టమైనా, నడక తూలుతున్నా అసలు ఆగొద్దు. ఇంకో డాక్టరు మాట కూడా కావాలంటే మీ చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆస్పత్రి ఎంత దూరమని! మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో డాక్టర్ జేకబ్ చాందీ మొదలుపెట్టింది అక్కడే. మేమూ రిపోర్టులు పట్టుకుని వెళ్లాం, వాళ్లూ ఆపరేషన్ చేయించుకోమనే చెప్పారు.

ఆపరేషన్‌లో బోర్లా పడుకోబెట్టి, పుర్రె వెనక అడుగున కొంచెం ఎముక, మెడ మొదటి పూస వెనక భాగం తీశారు. మెదడు పొర తెరిచి, అతుకు వేసి వెడల్పు చేశారు. జుట్టు వెనక మాత్రమే గీస్తామన్నారు. సగం జుట్టుతో ఏం తిరుగుతానని మొత్తం తీయించేశా. తిరుపతిలో గుండుతో ఉన్న ఆడమనిషిని ఎవరూ ఏమీ అడగరు కదా. "దర్శనం బాగా అయిందా అమ్మా" అనేవాళ్లు. "బాగా అయింది" అనేదాన్ని. నేను అటు తిరిగితే కుట్లు కనిపించి గమ్మున అయిపోయేవాళ్లు.

మొదటి వారం నరకమే. వాంతులు, మెడ కొయ్యబారిపోవడం. పక్క మీద తిరగాలంటే మా ఆయన తల పట్టుకోవాల్సి వచ్చేది. ముక్కకూడదు కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు ముందే అడిగి రాయించుకోండి. ఇది ఎవరూ చెప్పరు. కుట్ల దగ్గర నీళ్లలాంటిది కారినా, కుట్ల కింద బుడగలా ఉబ్బినా, జ్వరం వచ్చినా, లేచి నిలబడితే తలనొప్పి పెరిగినా ఆ పూటే ఆస్పత్రికి పోవాలి. మెదడు నీరు కారుతుండొచ్చు.

పని సంగతంటావా, నెలన్నరకి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా. పిండి గిన్నె ఎత్తడానికి మూడు నెలలు పట్టింది. మీ అక్కది కూర్చునే పనైతే ముందే పోగలదేమో, బిందెలు ఎత్తే పనైతే సర్జన్ చెప్పేదాకా వద్దు.

ఆరో నెల స్కాన్‌లో తిత్తి బాగా తగ్గింది. చేయి అలాగే ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. ఆపరేషన్‌కి ముందు ఒకరు "అంతా మామూలైపోతుందమ్మా" అన్నారు మరి. తిత్తి ఇంకా పెరగకుండా ఆపడమే అసలు పని అనీ, పోయిన స్పర్శ కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదనీ అప్పుడే చెప్పి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు. అందుకే అక్కని సర్జన్ ముందు కూర్చోబెట్టి "నా చేయి ఎంతవరకు వస్తుంది" అని సూటిగా అడిగించు.

నువ్వు అడగనిది ఒకటి. ఇకమీదట కాన్పుకో దేనికో నడుములో మత్తు సూది అంటే, ముందు కియారి ఉందని మత్తు డాక్టరుకి చెప్పాలి. ఆ స్కాన్ కాగితం బీరువాలో కాదు, చేతికి అందేచోట పెట్టండి.

నేనిప్పుడు పెనం దగ్గర కుడిచేత్తోనే పని చేస్తా. స్నానం నీళ్లు కుడిచేత్తోనే చూసుకుంటా. రాత్రి పడుకునే ముందు లైటు కింద ఎడమ చేయి తిప్పి తిప్పి చూసుకుంటా, ఎక్కడైనా కాలిందా తెగిందా అని. ఆపరేషన్ ఎప్పుడైనా కానీ, వేడి కాఫీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవద్దని అక్కకి ఇవాళే చెప్పు.